మా పాప టీచర్‌ని బదిలీ చేశారు. సిటీ స్కూలే కదా, మరి ప్రిఫెక్చర్ వాళ్ళు ఎందుకు నిర్ణయిస్తారు? (జపాన్)

బుజ్జిదాని_అమ్మ:

అందరికీ నమస్తే. మేం జపాన్ వచ్చి ఇది మూడో సంవత్సరం, టోక్యో నుంచి రైల్లో రెండు గంటలు పట్టే ఒక చిన్న సిటీలో ఉంటాం, పాప ఇక్కడి సిటీ ఎలిమెంటరీ స్కూల్లో ఈ ఏప్రిల్‌కి మూడో తరగతికి వచ్చింది. చేర్చినప్పుడు దానికి జపనీస్ ఒక్క ముక్క రాదు. రోజూ రెండు పీరియడ్లు పక్క గదిలో కూర్చోబెట్టి ఒక టీచరమ్మ విడిగా నేర్పించేవారు. బొమ్మలు గీసి, వాటి కింద హిరగానా (జపనీస్ మొదటి అక్షరాలు) రాసి, అవే మళ్ళీ ఇంటికి కూడా పంపేవారు, మా ఫ్రిజ్ తలుపంతా ఇప్పటికీ ఆవిడ గీసిన బొమ్మలే. రెండేళ్ళలో ఇది క్లాసులో చెయ్యెత్తి జవాబు చెప్పేదాకా వచ్చిందంటే అదంతా ఆవిడ చలవే.

మార్చి ఆఖర్లో స్కూల్ యాప్‌లో ఒక నోటీసు వచ్చింది, వెళ్ళిపోతున్న టీచర్ల పేర్లు, అందులో ఆవిడ పేరు ఉంది. వీడ్కోలు సభ అయ్యాక పాప ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుని ఒకటే ఏడుపు.

నేను స్కూల్‌కి వెళ్ళి అడిగాను, ఇంకొక్క సంవత్సరం ఉంచలేరా అని. వైస్ ప్రిన్సిపాల్ చాలా మర్యాదగానే, తల వంచి మరీ, ఇది మా చేతిలో లేదండీ, ప్రిఫెక్చర్ (ఇక్కడ రాష్ట్రం లాంటిది) క్యోయికు ఇయిన్‌కాయి, అంటే విద్యా బోర్డు, నిర్ణయం అన్నారు. గేటు మీద చూస్తే రాసున్నది సిటీ పేరు, బడిని నడిపేది సిటీ, మరి మధ్యలో ప్రిఫెక్చర్ ఎందుకొచ్చింది? ఈ విద్యా బోర్డు అంటే అసలు ఎవరు? ఇంకోటి, ఆవిడ బదులు వచ్చినవాళ్ళు వారానికి మూడు పూటలే వస్తారట, దీని గురించి అయినా అడగాలంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.


హిరగానా_శీను:

అమ్మా, ముందు పాపని ఓదార్చండి, మా పెద్దోడికి రెండుసార్లు ఇలాగే అయింది, రెండోసారి వాడికంటే నేనే ఎక్కువ బాధపడ్డాను. నేను ఇక్కడికొచ్చి పదమూడేళ్ళు, స్కూల్ పీటీఏలో రెండేళ్ళు పనిచేశాను కాబట్టి తెలిసినంత చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

ఇక్కడ స్కూల్ ఒకరిది, టీచర్ ఇంకొకరి మనిషి. ఇది పట్టుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. ఎలిమెంటరీ, జూనియర్ హై బళ్ళు సిటీవో టౌన్‌వో గ్రామానివో. బిల్డింగు, బెంచీలు, ఏసీలు, వంటగది, మీ అడ్రస్‌కి ఏ బడి వస్తుందో చెప్పే గక్కు (బడి పరిధి) హద్దులు, ఇవన్నీ సిటీ విద్యా బోర్డు చూస్తుంది. టీచర్ పేరుకి సిటీ ఉద్యోగే, రోజువారీ అజమాయిషీ కూడా సిటీ బోర్డుదే, కానీ పరీక్ష పెట్టి తీసుకునేది, జీతం ఇచ్చేది, ఎక్కడ వెయ్యాలో తేల్చేది ప్రిఫెక్చర్ బోర్డు. ఆ జీతంలో మూడో వంతు కేంద్రం ఇస్తుంది, 2006కి ముందు సగం ఇచ్చేది. పాఠాల్లో ఏముండాలో, ఏ పుస్తకాలు ఆమోదించాలో చూసేది టోక్యోలోని విద్యాశాఖ, ఆమోదించినవాటిలో మీ ఊళ్ళో ఏది వాడాలన్నది మళ్ళీ సిటీ బోర్డు ఎంచుకుంటుంది.

ఇలా ఎందుకు చేశారంటే, ఒకప్పుడు టీచర్ల జీతాలు ఊళ్ళే ఇచ్చుకునేవి. 1930ల్లో మాంద్యం వచ్చినప్పుడు పేద గ్రామాలు నెలల తరబడి జీతాలివ్వలేక చేతులెత్తేశాయి. అప్పుడు 1940లో ఆ భారం ప్రిఫెక్చర్ల మీదికి మార్చి సగం కేంద్రం పెట్టుకునేట్టు చేశారు. జీతం ఎవరిస్తే మనుషుల్ని వేసేదీ వాళ్ళే అన్న పద్ధతి తర్వాతి చట్టాల్లోనూ నిలబడిపోయింది. డబ్బున్న సిటీ మంచి టీచర్లందర్నీ లాగేసుకోకుండా, కొండ మీది ఊరికి కూడా అదే పరీక్ష పాసైన, అదే జీతం తీసుకునే టీచర్ వెళ్ళేట్టు. నాకైతే జపాన్ బడుల్లో నచ్చే విషయం ఇదే, దీనికోసం నా కొడుకు ఏడ్చినా సరే అని మాత్రం అనలేను.

మినహాయింపులు ఉన్నాయి. యొకొహామా, నగోయా, సప్పొరో లాంటి 20 పెద్ద నగరాలు టీచర్లని తామే తీసుకుని తామే బదిలీ చేసుకుంటాయి, 2017 ఏప్రిల్ నుంచి జీతం కూడా వాళ్ళే ఇస్తున్నారు. ఒసాకా ప్రిఫెక్చర్‌లో తొయొనాకా, ఇకెదా, మినో సిటీలు, తొయొనో, నొసే టౌన్లు, ఈ ఐదూ కలిసి 2012 నుంచి ఆ అధికారం తీసుకుని ఉమ్మడిగా నడుపుకుంటున్నాయి. మీది చిన్న సిటీ అంటున్నారు కాబట్టి మామూలు పద్ధతే.

బదిలీ ఎలా జరుగుతుందంటే, ప్రిన్సిపాల్ తన అభిప్రాయం సిటీ బోర్డుకి చెప్తారు, సిటీ బోర్డు నైషిన్ అని ఒక సిఫార్సు పైకి పంపుతుంది, అది అందాకే ప్రిఫెక్చర్ ఆర్డర్ వేస్తుంది. కాబట్టి స్కూల్ చేతిలో ఏమీ లేదనడం పూర్తిగా నిజం కాదు, ఆఖరి సంతకం మాత్రం వాళ్ళది కాదు. కొన్నేళ్ళు ఒకేచోట ఉన్న టీచర్‌ని కదపడం రూలు, ఎన్నేళ్ళన్నది ప్రిఫెక్చర్‌ని బట్టి మారుతుంది. ప్రిన్సిపాళ్ళయితే రెండు మూడేళ్ళకే కదులుతుంటారు. టీచర్‌కి మార్చిలో ముందుగా లోపల చెప్తారు, కానీ ప్రకటించేదాకా బయటికి అనకూడదు, అందుకే మీ టీచరమ్మ పాపకి ముందు చెప్పలేదు. మనసులో పెట్టుకుని ఆ చివరి రెండు వారాలు ఆవిడ ఎలా గడిపారో.


సముద్రం_పక్కన:

శీను గారు అంతా చెప్పేశారు, నేను రెండో వైపు నుంచి రాస్తాను. నేను నాలుగేళ్ళు ఒక చిన్న దీవిలో అసిస్టెంట్ ఇంగ్లిష్ టీచర్‌గా చేశాను, నా కాంట్రాక్టు టౌన్ విద్యా బోర్డుతోనే, కాబట్టి ఈ క్యోయికు ఇయిన్‌కాయిని లోపల్నుంచి చూశాను.

మీరు ఊహించుకునేంత పెద్ద ఆఫీసేం కాదండీ. టౌన్ ఆఫీసు రెండో అంతస్తులో ఒక గది, ఎనిమిది బల్లలు, కిటికీ దగ్గర క్యోయికుచో కూర్చునేవారు, అంటే బోర్డుకి పెద్ద. ఆయన రిటైరైన ప్రిన్సిపాల్, దీవిలో సగం మందికి పాఠాలు చెప్పినాయన. ఆ ఎనిమిది మందే స్కూల్ బస్సు టైమింగులు, కారుతున్న పైకప్పు, లైబ్రరీ, స్విమ్మింగ్ పూల్, ఊరి పండగలో పిల్లల డాన్సు, పెద్దవాళ్ళ కంప్యూటర్ క్లాసులు, అన్నీ చూసుకునేవాళ్ళు. విద్యా బోర్డు అంటే బడి ఒక్కటే కాదు, లైబ్రరీలూ మ్యూజియంలూ పాత కట్టడాల సంరక్షణ కూడా దానికిందికే వస్తాయి.

ఆఫీసులో పనిచేసేవాళ్ళు వేరు, అసలు బోర్డు వేరు. బోర్డు అంటే మామూలుగా క్యోయికుచో, ఇంకో నలుగురు సభ్యులు, ఆ నలుగురిలో పిల్లల్ని బడికి పంపే తల్లో తండ్రో ఉండాలని చట్టంలోనే ఉంది. మా దగ్గర ఆ సభ్యురాలు చేపల కంపెనీలో పనిచేసే ఒక అమ్మ. నెలకోసారి మీటింగు, అక్కడే మాట్లాడేది.

ఇక బదిలీల సంగతి. మార్చి ఆఖర్లో ఓడరేవుకి వస్తే తెలుస్తుందండీ. వెళ్ళిపోయే టీచర్లు ఓడ పైన రెయిలింగ్ దగ్గర నిలబడతారు, చేతిలో రంగు కాగితపు రిబ్బన్ల చుట్టలు, వాటి రెండో కొస కింద గట్టు మీదున్న పిల్లల చేతుల్లో. ఓడ కదులుతుంటే రిబ్బన్లు విప్పుకుంటూ విప్పుకుంటూ చివరికి తెగి నీళ్ళలో పడతాయి, పిల్లలు గట్టు చివరిదాకా పరిగెడతారు. నాలుగేళ్ళూ చూశాను, నాలుగేళ్ళూ ఏడ్చాను. కానీ ఏప్రిల్ మొదటి వారంలో అదే ఓడలో కొత్తవాళ్ళు దిగుతారు. బదిలీ అనేది లేకపోతే ఆ దీవికి తమంతట తామొచ్చే టీచర్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? అలాంటి ఊళ్ళ కోసం 1954లోనే ప్రత్యేకంగా చట్టం చేశారు, దూరాన్ని బట్టి బళ్ళకి ఐదు గ్రేడులు, గ్రేడుని బట్టి జీతం మీద అదనపు అలవెన్సు. హొక్కయిదోలో అయితే ప్రిఫెక్చర్ బోర్డు ఒక్క ఆఫీసు నుంచి చూసుకోలేక 14 ప్రాంతీయ ఆఫీసులు పెట్టుకుంది, అంత విస్తీర్ణం మరి.

మీ పాప బాధ చిన్నదని అనట్లేదు అక్కా. ఇంకెక్కడో ఒక పాప ఆవిడ కోసం ఎదురుచూస్తుందని అనుకోండి.


నల్లబల్ల:

సముద్రం అక్కా, నువ్వు రాసింది చదివితే మనసు నిండింది గానీ నేను ఒప్పుకోను. మామూలు క్లాస్ టీచర్ పోతే పిల్లలు వారంల సర్దుకుంటరు. భాష రాని పిల్లలకు ఆ ఒక్క మనిషే బడి. ఆ మనిషిని కూడా అదే లెక్కల ఏసి తీస్కపోతే ఎట్ల? నా బిడ్డ కూడా అట్లనే వచ్చింది, నాకు తెలుసు ఆ నొప్పి.

బుజ్జిదాని అమ్మగారూ, మీరు టీచర్‌ని వాపస్ అడగకుండ్రి, అది కాదు. టీచర్ పోస్టు గురించి అడుగుండ్రి. జపనీస్ నేర్పాల్సిన పిల్లలు 18 మందికి ఒక టీచర్ అని 2017ల చట్టం మార్చి లెక్క పెట్టిన్రు, ఏడాదికి కొంత చొప్పున పెంచుకుంటూ 2026కల్లా పూర్తి చెయ్యాలని. అంటే మీ సిటీల ఎంతమంది పిల్లలకు ఈ సాయం కావాలో బడులు లెక్క రాసి పంపితేనే ప్రిఫెక్చర్ మనుషుల్ని ఇస్తది. వీళ్ళకు ఇప్పుడు మంచిగ మాట్లాడొస్తది కదా అని పిల్లల పేరు ఆ లెక్కలకెల్లి తీసేస్తే పోస్టు కూడా పోతది. మాట్లాడుడు వేరు, టెక్స్ట్‌బుక్ చదివి అర్థం చేసుకునుడు వేరు. మూడో తరగతిల సైన్సు, సోషల్ మొదలైతయి, అక్కడ తెలుస్తది అసలు కష్టం. అందుకని మా పాపకు ఇంకా ఈ క్లాసు కావాలి అని నోటితో కాదు, కాగితం మీద రాసి ఇయ్యుండ్రి.

ఎక్కడ అడగాలంటే, ముందు సిటీ బోర్డు. షియాకుషోల (సిటీ ఆఫీసుల) గాని పక్క బిల్డింగ్‌ల గాని ఉంటది, స్కూల్ ఎడ్యుకేషన్ సెక్షన్ అని అడిగితే చూపిస్తరు. అక్కడ షిదో షుజి అని ఉంటరు, వాళ్ళు మాజీ టీచర్లే, బడి నుంచి కొన్నేండ్లు ఆఫీసుకు వచ్చి పనిచేస్తరు, మళ్ళ బడికి పోతరు. వాళ్ళకు మీ మాట తొందరగ అర్థమైతది. ప్రిఫెక్చర్ పోస్టు ఇయ్యకపోయినా సిటీ సొంత పైసలతోని సహాయకుల్ని పెట్టుకోవచ్చు, చాలా సిటీలు పెట్టుకుంటున్నయి.

ఇంకోటి కూడా గుర్తు పెట్టుకోవాలె, పైన వాళ్ళు ఇయ్యొద్దని ఇయ్యక కాదు, మనుషులే లేరు. విద్యాశాఖ 2021ల లెక్క తీస్తే బడి తెరిచిన రోజుకే 1,897 బడుల్ల 2,558 మంది టీచర్లు తక్కువున్నరు. 2000ల ఎలిమెంటరీ టీచర్ పరీక్షకు ఒక్క పోస్టుకు 12.5 మంది పోటీ పడ్డరు, ఇప్పుడు ఇద్దరు ముగ్గురు కూడా రాని పరిస్థితి. ఎందుకు రారంటే 1971 చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ పైసలు లేవు, దాని బదులు జీతం మీద 4 శాతం కలిపి చేతుల పెడ్తుండె, రాత్రి ఎనిమిది దాకా బడిల లైట్లు వెలుగుతనే ఉంటయి. 2025ల ఆ చట్టం మార్చి మెల్లమెల్లగ 10 శాతం చేస్తమన్నరు. పైసలు పెంచితే సరిపోదు, పని తగ్గియ్యాలె అని టీచర్లే మొత్తుకుంటున్నరు.


కొత్త_బడి:

మంచి చర్చ. నాదొక డౌట్, ఈ బోర్డు సభ్యుల్ని మనం ఎన్నుకుంటామా, మేయర్ వేస్తాడా? మేయర్ వేస్తే మేయర్‌నే అడగొచ్చు కదా?


హిరగానా_శీను:

మొదట్లో ఎన్నికలే ఉండేవి. యుద్ధం అయ్యాక 1948 చట్టంతో జనం ఓటేసి బోర్డు సభ్యుల్ని ఎన్నుకునేవాళ్ళు, బడి ప్రభుత్వం చేతిలో పనిముట్టు కాకూడదని. 1956లో అది తీసేసి మేయరో గవర్నరో అసెంబ్లీ ఒప్పుకోలుతో నియమించే పద్ధతి తెచ్చారు, ఇప్పటికీ అదే. టోక్యోలో నకానో వార్డు మాత్రం ఊరుకోలేదు, 1981లో పోస్టులో ఓట్లు తెప్పించుకుని ఆ ఫలితం చూసి వార్డు పెద్ద నియమించేట్టు పెట్టుకుంది, తొంభైల్లో ఎత్తేశారు. నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆ వార్డు జనం మీద గౌరవం.

ఆ తర్వాత పెద్ద మార్పు ఒక పిల్లాడి చావుతో వచ్చింది. 2011లో షిగా ప్రిఫెక్చర్ ఒత్సులో జూనియర్ హై రెండో సంవత్సరం అబ్బాయి తోటివాళ్ళ వేధింపుల తర్వాత ప్రాణం తీసుకున్నాడు. బడీ సిటీ బోర్డూ సరిగ్గా విచారించలేదని దేశమంతా మండిపడింది. బోర్డులో అసలు బాధ్యత ఎవరిది, పార్ట్‌టైమ్‌గా వచ్చే ఛైర్మన్‌దా, రోజూ ఆఫీసు నడిపే క్యోయికుచోదా అంటే ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. 2013లో వేధింపుల నివారణ చట్టం వచ్చింది, 2015 ఏప్రిల్ నుంచి ఆ రెండు కుర్చీలూ ఒకటి చేశారు. ఇప్పుడు క్యోయికుచోని మేయర్ నేరుగా వేస్తారు, మూడేళ్ళ పదవి, మిగతా సభ్యులకి నాలుగేళ్ళు. మేయరూ బోర్డూ కలిసి కూర్చునే సమావేశం కూడా తప్పనిసరి చేశారు.

కాబట్టి మేయర్‌ని అడగొచ్చు, బడ్జెట్ ఆయన చేతిలోనిదే. ఏసీల సంగతే చూడండి, 2017లో ఎలిమెంటరీ, జూనియర్ హై క్లాసు గదుల్లో సగానికే ఏసీ ఉంది. 2018 జులైలో ఐచి ప్రిఫెక్చర్ తొయొతా సిటీలో ఒకటో తరగతి బాబు ఎండదెబ్బకి చనిపోయాక కేంద్రం ప్రత్యేకంగా డబ్బిచ్చింది, రెండేళ్ళలో తొంభై శాతం దాటింది. ఎన్నాళ్ళ నుంచో తల్లిదండ్రులు అడుగుతున్నదే, డబ్బు కదిలేసరికి ఒక పిల్లాడు పోవాల్సి వచ్చింది. ఆ మాట రాస్తుంటేనే గొంతు పట్టేస్తోంది.

ఫలానా టీచర్‌ని ఇక్కడే ఉంచండి అని మాత్రం మేయర్ కూడా చెయ్యలేరు, అది చెయ్యకూడదనే బోర్డుని విడిగా పెట్టారు.


కొత్త_బడి:

థాంక్స్ అన్నా. మా వాడు జూనియర్ హైలో ఉన్నాడు, హైస్కూల్ కూడా సిటీదేనా?


హిరగానా_శీను:

ఎక్కువ ప్రభుత్వ హైస్కూళ్ళు ప్రిఫెక్చర్‌వి. ప్రవేశ పరీక్ష మామూలుగా ప్రిఫెక్చర్ అంతా ఒకే పేపరు, జపనీస్, లెక్కలు, సైన్సు, సోషల్, ఇంగ్లిష్, దాంతోపాటు జూనియర్ హై మార్కుల రిపోర్టు కలుపుతారు. ఫీజు మామూలుగా ఏడాదికి 1,18,800 యెన్లు, దానికి కేంద్రం సాయం ఉంది.

ఇక్కడ ఇంకో రకం నొప్పి ఉంది, బడి మూసేస్తే దెబ్బ తినేది ఊరు, మూసే అధికారం ప్రిఫెక్చర్‌ది. ఒసాకాలో 2012 నియమం ప్రకారం వరసగా మూడేళ్ళు సీట్లు నిండక, ఇక నిండవనుకుంటే ఆ హైస్కూల్‌ని కలిపెయ్యడమో మూసెయ్యడమో ఆలోచిస్తారు. షిమానే ప్రిఫెక్చర్‌లో ఒకి దీవుల్లో అమా అని చిన్న టౌన్, అక్కడి ఒకి దోజెన్ హైస్కూల్ 2008 నాటికి మూతపడే దాకా వచ్చింది. హైస్కూల్ పోతే పదిహేనేళ్ళ పిల్లలు దీవి దాటాలి, వెనకాలే కుటుంబాలూ వెళ్ళిపోతాయి. బడి తమది కాకపోయినా చుట్టుపక్కల మూడు దీవుల వాళ్ళు కలిసి ప్రిఫెక్చర్‌ని ఒప్పించి, బయటి నుంచి పిల్లల్ని రప్పించి హాస్టల్లో పెట్టుకుని, సాయంత్రం చదువుకి సొంతంగా సెంటర్ పెట్టి, 2012కల్లా మొదటి సంవత్సరాన్ని మళ్ళీ రెండు సెక్షన్లు చేశారు. బోర్డు తలుపు తట్టి కూర్చుంటే కదులుతుంది అనడానికి నేను అందరికీ చెప్పేది ఇదే.


సముద్రం_పక్కన:

అవును, ఇంకొకటి చెప్పడం మర్చిపోయా. బోర్డు మీటింగులు మామూలుగా ఎవరైనా వెళ్ళి వినొచ్చు. సిటీ వెబ్‌సైట్‌లో తేదీ పెడతారు, వెళ్ళి పేరు రాసి వెనక కుర్చీలో కూర్చోవడమే, మాట్లాడనివ్వరు గానీ వినొచ్చు. మా దీవిలో వినడానికి ఎప్పుడూ ఎవరూ వచ్చేవారు కాదు, ఒకసారి ఒక నాన్న వచ్చి కూర్చున్నారు, ఆ రోజు క్యోయికుచో ప్రతి విషయం రెండుసార్లు వివరించారు. టీచర్ల పేర్లతో మాట్లాడేటప్పుడు మాత్రం తలుపులు మూస్తారు.


బుజ్జిదాని_అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. వారం ఆగి రాస్తున్నాను ఎందుకంటే నిన్ననే వెళ్ళొచ్చాను. నల్లబల్ల గారూ, మీరు చెప్పినట్టే కాగితం రాసుకెళ్ళాను, మా ఆయన జపనీస్ దిద్దారు. షియాకుషో నాలుగో అంతస్తు, షిదో షుజి ఒకాయన కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడారు. పాప మూడో తరగతి సైన్సు పుస్తకం తీసి ఒక పేజీ చూపించి ఇది తను చదివి చెప్పగలదా అని అడిగారు, లేదన్నాను, ఆయన అది రాసుకున్నారు. పోస్టు గురించి ప్రిఫెక్చర్‌కి సిటీ తరఫున అడుగుతామని, ఈలోగా జూన్ నుంచి సిటీ సహాయకురాలిని ఇంకో రెండు పూటలు పంపేలా చూస్తామని చెప్పారు. మాట ఇచ్చినట్టు కాదు, ప్రయత్నిస్తామన్నట్టు. వచ్చే నెల బోర్డు మీటింగు తేదీ కూడా కాగితం మీద రాసిచ్చారు, నేను వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుంటాను.

వచ్చేటప్పుడు లైబ్రరీలో మార్చి ఆఖరి లోకల్ పేపర్ తీయించాను, బదిలీల లిస్టు, సన్న అక్షరాలతో పేజీలకి పేజీలు. పాపే వేలు పెట్టి వెతికి ఆవిడ పేరు పట్టుకుంది. ఆ కంజీ (చైనా నుంచి వచ్చిన కష్టమైన అక్షరాలు) చదవడం నేర్పింది ఆవిడే. కొండల్లో ఒక బడికి వెళ్ళారు, ఇంటికొచ్చి చూస్తే మొత్తం బడిలో పిల్లలు 23 మందేనట. రాత్రి కూర్చుని ఉత్తరం రాసింది, మధ్యలో రెండు అక్షరాలు తప్పు రాసి చెరిపి మళ్ళీ రాసింది, చివర ఆవిడ గీసే కుందేలు బొమ్మే తనూ గీసింది. పొద్దున బడికి వెళ్తూ దార్లో పోస్టు చేశాం.